మంద ముద్దకట్టిన పొద్దు

ఈ చలికాలం మొదలైన దగ్గర నుంచి మా ఇంట్లో రోజూ పొద్దున ఒకటే గొడవ. మా అమ్మాయిని ఈ ఏడే బడిలో వేశాం. వాళ్ల నాన్న ఆఫీసుకు పోతూ సైకిల్ ముందు కడ్డీకి బిగించిన చిన్న సీటు మీద కూర్చోబెట్టుకొని దింపి పోతారు. నేను కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి చూస్తాను. మూస్తాను. మళ్లీ తెరుస్తాను. "ఇంతకీ వెళ్లమంటావా, మానెయ్యమంటావా?" అని ఆయన గుమ్మంలో నిలబడి అడుగుతారు. నాకు చెప్పడం చేతకాదు. వెళ్లమంటే భయం. మానమంటే పిల్ల చదువు పోతుందని భయం.

నిన్న మంచు మరీ ఎక్కువగా ఉంది. బడిలో ఏదో ఆటల పోటీ ఉందట, పోవలసిందేనని పిల్ల పట్టుపట్టింది. "నాకు చలే లేదమ్మా, చూడు!" అని రెండు చేతులూ చాపి చూపించింది. పళ్లు కొట్టుకోకుండా దవడ బిగబట్టి మరీ నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే నా చెయ్యి పిల్ల నుదుటి మీదికి పోలేదు. పక్కన నిలబడ్డ ఆయన ఛాతీ మీదికి పోయింది, లోపల స్వెటర్ వేసుకున్నారా లేదా అని. ఆయన నన్ను వింతగా చూశారు.

అట్లా ఎందుకు చేశానో ఆయనకు చెప్పలేదు. పిల్ల పడుకున్నాక ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు జడ్చర్లకు రెండు కోసుల దూరం, అంటే నాలుగు మైళ్లు. మాకు గొర్రెల మంద ఉండేది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే, నేను, బాపు, బాపు వాళ్లమ్మ. ఆమెను నేను అవ్వ అనేదాన్ని. ఊళ్లో బడి మూడో తరగతితో ఆగిపోయేది. నేను మూడు పూర్తిచేసిన ఎండాకాలంలో బాపు నాలుగు పొట్టేళ్లు తోలుకుపోయి, జడ్చర్లలో ఎవరో రైల్వే ఆయనకు ఇచ్చి, ఆయన పాత సైకిల్ తెచ్చాడు. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"పాలియ్యది, ఉన్నియ్యది. నాలుగు పొట్టేండ్లు పోసి గీ ఇనుము తెస్తివారా కొడుకా?"

"బిడ్డను బడికి తీస్కపోతదే అమ్మా."

"ఆడిపోరి సదివి ఎవల్ని ఏలాలె?"

"మనల్నే ఏల్తది తియ్," అన్నాడు బాపు. అవ్వ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. అట్లా నేను జడ్చర్ల పట్నంలో, ఆడపిల్లల బడిలో నాలుగో తరగతిలో చేరాను.

వానాకాలం బాగానే గడిచింది. చలికాలం రాగానే అవ్వ ఒక లెక్క పెట్టింది. ఇంటి వెనక ముళ్లకంప కట్టిన దొడ్డిలో మంద పడుకునేది. చలి బాగా ఉన్న రాత్రి గొర్రెలు విడివిడిగా పడుకోవు. ఒకదాని కడుపు కింద ఇంకోటి తల దూర్చి, అన్నీ కలిసి ఒకటే ముద్దయిపోతాయి. ఆ ముద్ద మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, కింది నుంచి సన్నగా ఆవిరి లేస్తుంది. చలి తగ్గేకొద్దీ ముద్ద దానంతటదే విడుతుంది. ఒక్కొక్కటే లేచి ఒళ్లు దులుపుకొని దూరం జరుగుతాయి. కోడి కూశాక బాపు దొడ్డిలోకి పోయి చూసి రావాలి. అవ్వ పొయ్యి ముందు నుంచే అడిగేది.

"ముద్ద ఇడిసిందారా?"

"ఇడిసిందే."

అట్లయితే సైకిల్. "ఇడువలే" అంటే ఆ రోజు సైకిల్ లేదు, బడి లేదు. ఎండెక్కాక పోదామంటే బడి వాళ్లు ఊరుకోరు, బాపు మందను తోలుకుపోయే పొద్దు దాటిపోతుంది. అందుకని మొత్తానికే బంద్.

ముద్ద అంటే నాకు మొదట జొన్నరవ్వతో వండే గట్క ముద్దే గుర్తొచ్చేది. ముద్ద విడవని పొద్దు నిజంగానే తిండి పొద్దు. అవ్వ పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టుకొని, వేడి గట్కలో గొర్రెపాలు పోసి పెట్టేది. అనపకాయలు ఉడకబెట్టి చేటలో కుప్ప పోసేది. నేను గింజలు వలిచి తింటూ, పొట్టును అవ్వ చూడకుండా ఆమె కొంగు మడతలో దాచేదాన్ని. ఆమె లేవగానే అది జలజల రాలేది. "నీ నోట్లె మన్ను వడ, గీ పోరి సదువుకు పోయినా బాగుండు," అనేది. పొగ, ఉడికిన అనపగింజలు, తడి ఉన్ని, ఈ మూడు వాసనలూ కలిస్తే నాకు ఇప్పటికీ చలికాలమే.

మొదటి నెల ఆ పొద్దులు నాకు పండగలాగే ఉన్నాయి. తర్వాత ఉండలేదు. బడి రుచి తెలిసింది. దానితోపాటు సిగ్గు కూడా తెలిసింది.

బాపు గొంగడి కప్పుకొని సైకిల్ తొక్కేవాడు. నల్ల గొంగడి, మా గొర్రెల ఉన్నితో అల్లించుకున్నది. తల మీదుగా కొప్పెర వేసుకొని అంచులు నడుముకు దోపుకుంటే గాలి దూరదు. నేను వెనక క్యారియర్ మీద కూర్చొని దాని అంచు నా మీదికి కూడా లాక్కునేదాన్ని. లోపల వెచ్చగా, చీకటిగా ఉండేది. బాపు ఊపిరి నాకు వీపులోంచి వినిపించేది. ఒకనాడు గేటు దగ్గర దిగగానే వకీలు గారి అమ్మాయి ముక్కు మూసుకుంది. "మే..." అని అరిచింది. ఉన్నవాళ్లంతా "మే... మే..." అన్నారు. బాపు కూడా నవ్వాడు, పిల్లలు తనతో ఆడుకుంటున్నారనుకొని.

మర్నాటి నుంచి పెద్ద గేటు దగ్గరికి పోవద్దన్నాను. బడి వెనక చేల వైపు ఒక చిన్న దర్వాజా ఉండేది. అక్కడ దింపమన్నాను. ఇంకో వారానికి, పట్నం మొదట్లో ఉన్న మోరీ దగ్గరే గొంగడి తీసెయ్యమన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"వాసనొస్తదంటున్నరు."

బాపు గొంగడి అంచు ఎత్తి వాసన చూసుకున్నాడు. అతనికి ఏ వాసనా తెలియలేదనుకుంటాను. దాన్ని నాలుగు మడతలు వేసి క్యారియర్ మీద పరిచాడు. "దీని మీద కూసో, మెత్తగుంటది," అన్నాడు. అక్కడి నుంచి బడిదాకా పల్చటి అంగీ మీదే తొక్కాడు. రోజూ అట్లాగే.

ఆ రోజుల్లోనే బడికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుందన్నారు. ఆమె ముందు పద్యాలు చదవడానికి పంతులమ్మ నన్ను ఎంచింది. పంతులమ్మ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. నా మాట వింటే నవ్వేది కానీ, పద్యం అందుకుంటే నవ్వేది కాదు. ఎనిమిది పద్యాలు. బాపు మంద వెంట పోతే నేనూ పోయి, అతనికి వినపడనంత దూరంలో గొర్రెలకు వినిపించేదాన్ని. బాపుకు మాత్రం వినిపించలేదు. "ఆ దినం ఇంటవు లే," అనేదాన్ని.

ఇంతలో చలి ముదిరింది. మా వైపు గడ్డకట్టించే చలిని ఇగం అంటారు. ఇగం పట్టుకొని వదల్లేదు. వరసగా నాలుగు పొద్దులు ముద్ద విడవలేదు. ఐదో రోజు పోతే పంతులమ్మ కోపంగా ఉంది.

"ఇదిగో, ఎల్లుండే ఆవిడ వచ్చేది. ఆ రోజు గనక నువ్వు రాలేదో, వకీలు గారమ్మాయి చేత చదివించేస్తాను. తెలిసిందా? మీ నాన్నగారిని కూడా తీసుకురా. తల్లిదండ్రులందరినీ రమ్మన్నాం."

నాన్నగారు. ఆ మాట వినగానే నా కళ్లముందు కనిపించింది గొంగడి కప్పుకున్న బాపు, కోటు వేసుకున్న వకీలు గారి పక్క కుర్చీలో. ఇంటికొచ్చి అవ్వకూ బాపుకూ ఇన్‌స్పెక్టరమ్మ సంగతి చెప్పాను. తల్లిదండ్రుల సంగతి చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే పొద్దు నాకు కోడికూత కంటే ముందే మెలకువ వచ్చింది. దొడ్డి కంప సందులోంచి తొంగి చూశాను. మంద ఒకటే తెల్లటి ముద్ద. ఒక్క చెవి కూడా కదలడం లేదు.

వంటింటి మూల గోనెసంచిలో తుమ్మకాయలు ఉండేవి. ఎండాకాలం ఏరి, ఎండబెట్టి, మేత దొరకని రోజులకు అవ్వ దాచినవి. ఆ కాయల గలగల వింటే గొర్రెలు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాయి. నేను ఒడి నిండా పోసుకొని, కంప జరిపి లోపలికి పోయి, దొడ్డి నాలుగు మూలలా చల్లాను. ముద్ద ఒక్కసారిగా పగిలింది. వాటి కింద అప్పటిదాకా దాగి ఉన్న వేడి ఆవిరిలా నా ముఖానికి కొట్టింది. నేను పరుగున వచ్చి పక్కలో దూరి కళ్లు మూసుకున్నాను.

బాపు దొడ్డిలోకి పోయాడు. రోజూ కంటే ఎక్కువసేపే నిలబడ్డాడు.

"ముద్ద ఇడిసిందారా?" అని అడిగింది అవ్వ.

బాపు కంపను మళ్లీ అడ్డం పెట్టి వచ్చాడు.

"ఇడిసిందే అమ్మా."

"గింత ఇగంల ఇడిసిందా?"

"ఇడిసింది తియ్. బిడ్డకు నీళ్లు కాగబెట్టు."

నేను ఉతికి మడతపెట్టి తలకింద పెట్టుకున్న లంగా వేసుకున్నాను. బాపు గొంగడి అందుకుంటుంటే అడ్డం వచ్చాను. "ఇయ్యాల వద్దు బాపూ. లంగాకు వాసన పడ్తది."

"మోరీ కాడ తీస్తగద?"

"వద్దు. ఇంటికాన్నే పెట్టు."

బాపు గొంగడిని దండెం మీద వేశాడు.

రెండు కోసులు. దారి పొడుగునా జొన్నచేల మీద మంచు. ఎదురుగాలి. నా ముఖం బాపు వీపుకు ఆనించుకున్నాను కాబట్టి నాకు గాలి తగల్లేదు. అతని అంగీ తడిసి వీపుకు అంటుకుంది. మోరీ దాటాక, ఒకచోట సైకిల్ ఆపి కాలు కింద పెట్టి, ఊపిరి తీసుకున్నాడు. అతని ఛాతీలో పిల్లి అరిచినట్టు సన్నగా కూత వినిపించింది.

"సలి పెడ్తాందా బాపూ?"

"ఏం లేదు," అని నవ్వాడు. దవడ బిగబట్టి.

చిన్న దర్వాజా దగ్గర దిగాను. పెద్ద గేటు అటు బజారు వైపు. దానికి కట్టిన తోరణం కానీ, లోపలికి పోయే తండ్రులు కానీ ఇక్కడికి కనపడరు. బాపు తల నిమురుకొని, అంగీ కొసలు సవరించుకున్నాడు.

"నేను గూడ రావచ్చునా బిడ్డా? ఎనకాల నిలబడి ఇంట."

"తండ్రుల్ని రానియ్యరు బాపూ. ఆడిపిల్లల బడి గద," అన్నాను.

"గట్లనా," అన్నాడు. "మంచిది. పో. భయపడకు."

పద్యాలు బాగానే చదివాను. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి పిలిచి, "ఎవరమ్మాయివి?" అని అడిగింది. నేను ఊరి పేరు చెప్పాను. "మీ నాన్నగారు వచ్చారా?" అంది. రాలేదన్నాను. వకీలు గారు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం బయటికొస్తే బాపు ఇంకా అక్కడే ఉన్నాడు, చేల వైపు గోడకు ఆనుకొని, చేతులు చంకల్లో పెట్టుకొని. మందను పక్కింటి వాళ్లతో తోలమని చెప్పి వచ్చాడట. పొద్దంతా ఆ గాలిలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రానికి జ్వరం. మర్నాటికి మంచం దిగలేదు. మూడో రోజు బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టర్ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, ఇది నెమ్ము, ఇంతకుముందు ఎప్పుడైనా చేసిందా అని అడిగాడు.

అవ్వ ఏడుస్తూ చెప్పింది. "రెండేండ్ల కింద నెమ్ము చేసింది సారూ. సలిల తిరగకురా అంటె ఇనడు, మొగోన్ని నాకేందంటడు. అందుకనే పిల్ల పేరు పెట్టి ఆపుకుంటొచ్చిన. ముద్ద ఇడిస్తెనే సైకిల్ అని లెక్క పెట్టిన. ఇగ ఆ దినం ఎట్ల ఇడిసెనో!"

ఆ లెక్క నాకోసమని అంతవరకూ నేను నమ్మాను. నాకు చలి తగులుతుందని అవ్వ భయపడుతోందనుకున్నాను. నేను గట్టిదాన్నే కదా, నాకేం కాదు కదా అనుకునే తుమ్మకాయలు చల్లాను. నా చేతికి గీత పడకుండా కత్తి ఇంకొకరికి తగిలింది.

దవాఖాన నుంచి వచ్చిన వారానికి అవ్వ దొడ్డి ఊడుస్తూ పిడికెడు గింజలు తెచ్చి బాపు మంచం ముందు పోసింది. గొర్రెలు తుమ్మకాయలు తింటాయి కానీ, నెమరు వేసేటప్పుడు గింజల్ని ఉమ్మేస్తాయి. బయట మేత దొరికే చలికాలంలో దొడ్డిలో ఆ గింజలు ఉండకూడదు.

"ఎవలు చల్లిండ్రు గివి? సంచి సగమైంది."

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

"నేనే చల్లిన," అన్నాడు బాపు.

"నువ్వా? ఎందుకురా?"

"మేత తక్కువైందని చల్లిన తియ్."

అవ్వ నెత్తి కొట్టుకుంది. "నువ్వే చల్లి, నువ్వే ముద్ద ఇడిసిందంటివా? నీకు సిగ్గు గిట్ల లేదారా? సస్తె ఈ పోరిని ఎవలు సాకాలె?" ఆ పొద్దు మొదలుపెట్టి, వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ అదే చెప్పింది. అందరూ మంచం దగ్గరికొచ్చి బాపును తిట్టి పోయారు. ముసలివాళ్లు తిట్టారు, అతని కంటే చిన్నవాళ్లు కూడా తిట్టారు. బాపు "నిజమే, నిజమే" అని నవ్వేవాడు, నవ్వితే దగ్గు వచ్చేది. నేను వాళ్లందరికీ మంచినీళ్లు అందించాను. ఒక్కనాడూ నోరు విప్పలేదు. కొడుకు తెలివితక్కువవాడని నమ్ముతూనే అవ్వ మరో ఐదేళ్లకు కన్నుమూసింది.

బాపు లేచి తిరిగాడు కానీ, సైకిల్ తొక్కే ఊపిరి మళ్లీ రాలేదు. పది అడుగులు తొక్కితే ఆగి వంగిపోయేవాడు. ఇక నన్ను ఎట్లా పంపాలని ఆలోచించి, పట్నంలో ఆడపిల్లల హాస్టల్లో చేర్పించారు. అక్కడి నుంచే నా పై చదువులు, కాలేజీ, ఈ ఉద్యోగస్థుడి సంబంధం, అన్నీ. హాస్టల్లో చేరిన మొదటి పొద్దున నేను సంతోషించాను. నా బట్టలకు ఏ వాసనా లేదని, క్యారియర్ మీద ఎవరూ నన్ను దింపరని సంతోషించాను. నా సిగ్గంతా ఒక చోట కుప్పపోస్తే అన్నిటికన్నా అడుగున ఉండేది ఆ సంతోషమే.

పోయిన నెల బాపు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నాడు. ఒక మధ్యాహ్నం వసారాలో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఇన్నేళ్లకు, చెప్పేశాను. "ఆ దినం తుమ్మకాయలు నేనే చల్లిన బాపూ."

బాపు నా వైపు చూడకుండా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉన్నాడు.

"నమిలే గొర్రెలను చూస్తె నాకు తెల్వదా? మంద మూతులన్ని ఆడ్తున్నయ్. పైగ నువ్వు పండుకున్న పావడ అంచుకు కాయ ముక్కలున్నయ్."

"మరి ఎందుకు పోతిమి?"

"నీకు పోవాలని ఉండె గద." ఇంకో కాయ తీసుకున్నాడు. "గొర్లను లేపి చెప్పినవ్ గని, నన్నడగకపోతివి బిడ్డా. అడిగితె తీస్కపోకపోదునా? గొంగడన్న కప్పుకుందును."

నాకు ఏడుపొచ్చింది. కానీ కొంత భారం దిగినట్టు కూడా అనిపించింది. ఇక దాచిందేమీ లేదనుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, తాను పిల్లను సైకిల్ మీద దింపే సంగతి మాట్లాడుతూ, "మీరూ ఇట్లాగే దింపేవారటగా మామయ్యా?" అన్నారు.

"దింపిన అల్లుడా. ఒకపారి ఇన్‌స్పెక్టరమ్మ ముంగట పద్యాలు జెప్పింది. ఎనిమిది! పంతులమ్మ శాన మెచ్చుకున్నదంట." బాపు ముఖం వెలిగిపోయింది. "నేను ఇనలే. ఆ బడిల తండ్రుల్ని రానియ్యకపోదురు. శాన కట్టుదిట్టమైన బడి. గోడకు చెవి ఆనిచ్చి నిలబడ్డ గని, గాలికి ఒక్క ముక్క ఇనరాలే."

మా ఆయన నా వైపు తిరిగారు. "అవునా? తండ్రుల్ని కూడా రానిచ్చేవాళ్లు కాదా?"

పళ్లెంలో మెతుకులు ఒక పక్కకు జరిపాను.

"అవును," అన్నాను.

"చూస్తివా?" అన్నాడు బాపు గర్వంగా. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు వంగాడు. "ఇప్పుడన్న చెప్పరాదు బిడ్డా, ఇంట. అల్లుడు గూడ ఇంటడు."

"మర్చిపోయిన బాపూ," అన్నాను.

ఎనిమిదీ నాకు ఇప్పటికీ వచ్చు. ఒక్క అక్షరం కూడా పోలేదు.